చెరువులో చల్లిన బ్లీచింగ్ బస్తా ఎటు పోద్ది?

ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లొదిలే దాకా గుడ్లవల్లేరు చుట్టుపక్కల ఊళ్లకి మంచినీళ్ల చెరువే దిక్కు. బోరేస్తే ఉప్పునీళ్లు. బందరు వైపు పోయేకొద్దీ ఆ ఉప్పు ఇంకా ఎక్కువ. అందుకే ప్రకాశం బ్యారేజీ నుంచి తూర్పు డెల్టా కాలవల్లో వచ్చే నీళ్లని ముందే చెరువుల్లోకి పట్టుకుని, ఎండాకాలమంతా వాటితోనే నెట్టుకురావాలి. నీళ్లు తగ్గేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ చెరువు పచ్చబడుద్ది. కుళాయి తిప్పితే పాచి వాసన. జనం గోల చేస్తారు. అప్పుడు ఒక బస్తా బ్లీచింగ్ తెచ్చి గట్టు మీద విప్పి నీళ్లలో చల్లిస్తారు. ఫొటో తీస్తారు. మూడోనాటికి చెరువు మళ్లీ పచ్చగానే ఉంటది.

కిందటి ఎండాకాలం ఓ ఊరి చెరువు గట్టున ఈ తంతు చూస్తా నిలబడితే, అమెరికా నుంచి సెలవుకొచ్చిన కుర్రాడొకడు అడిగాడు. "బాబాయ్, మా ఇంటెనక ఈత కొలను ఇట్టాగే పచ్చబడితే సాయంత్రం క్లోరిన్ కొడతాం, రెండు మూడు రోజుల్లో అద్దంలా అవుద్ది. అదే మందు ఇక్కడెందుకు పనిచెయ్యట్లా?"

మంచి ప్రశ్న. నేను కెమిస్ట్రీ చదివినోణ్ణి కాదు. ఫిల్టర్ బెడ్ల దగ్గర, పంపు ఆపరేటర్ల దగ్గర కూర్చుని, దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నదే నాకున్న చదువు. తెలిసినంతలో ఆ కుర్రాడికి చెప్పిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తన్నా. ఎందుకంటే ఆ బస్తా మన పన్ను డబ్బు, ఆ నీళ్లు మన పిల్లల కడుపులోకి పోయే నీళ్లు.

ముందు కొలను సంగతి

ఇంటెనక కొలను పది మీటర్ల పొడుగు, అయిదు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు అనుకుందాం. అందులో పట్టేది 75 వేల లీటర్లు. పచ్చబడ్డ నీళ్లని మళ్లీ దారికి తేవాలంటే వెయ్యి లీటర్లకి పది గ్రాముల క్లోరిన్ పడాలి అనుకుంటే, మొత్తం 750 గ్రాములు. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో నూటికి 33 పాళ్ల దాకా క్లోరిన్ ఉంటది కాబట్టి రెండుంపావు కిలోలు చాలు. పని చిన్నది.

అయితే ఆ కుర్రాడు చెప్పని పనులు ఇంకా ఉన్నాయి. క్లోరిన్ వేసే ముందు గోడలకి పట్టిన పాచిని బ్రష్షుతో గీకుతారు. నీళ్ల పులుపు కొలిచి, పీహెచ్ ఏడున్నర దగ్గరికి తెస్తారు. పొద్దుగూకాక మందు వేస్తారు, ఎందుకంటే ఎండ తగిలితే క్లోరిన్ గంటల్లోనే చాలా మటుకు విరిగిపోద్ది. రాత్రీ పగలూ మోటారు తిప్పి, చచ్చిన పాచిని ఫిల్టర్‌లో పట్టి బయటికి తీసేస్తారు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఆ కొలనులోకి పొలం నీళ్లు రావు, గేదెలు దిగవు, కింద అడుసు లేదు. చచ్చిన పాచి బయటికి పోద్ది, కొత్త పాచికి తిండి ఉండదు. నీళ్లు తేరుకునేది ఇవన్నీ కలిస్తేనే. క్లోరిన్ అందులో ఒక పని మాత్రమే.

ఇప్పుడు చెరువు లెక్క

అయిదెకరాల చెరువు, రెండు మీటర్ల నీళ్లు. దాదాపు నాలుగు కోట్ల లీటర్లు. కొలనుకి వేసిన మోతాదే ఇక్కడా వెయ్యాలంటే 400 కిలోల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ లెక్కన పన్నెండు వందల కిలోలు పైనే. పాతిక కిలోల బస్తాలు దగ్గర దగ్గర యాభై. మనం చల్లేది ఒకటి. ఆ ఒక్క బస్తాలో ఉన్న క్లోరిన్ ఎనిమిది కిలోలు. చెరువంతా సమంగా కలిసినా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు. గోదాములో ఎండకీ చెమ్మకీ పడున్న బస్తాలో బలం సగం కూడా మిగలదు.

పోనీ, ఆ కాస్తన్నా పాచి మీద పనిచేస్తదా అంటే అదీ కష్టమే. క్లోరిన్‌కి తన పర భేదం లేదు. అడుసు, కుళ్లిన ఆకు, పేడ, యూరియా తాలూకు అమ్మోనియా, ఏది ముందు తగిలితే దానితోనే కలిసిపోద్ది. ఇవన్నీ తినగా మిగిలితే కదా పాచి దాకా పోయేది.

ఇంకో చిక్కుంది. నీళ్లలో పడ్డ క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటది. క్రిముల్ని గట్టిగా కొట్టేది హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది మెతక. పీహెచ్ ఏడున్నర దగ్గర రెండూ సగం సగం. పీహెచ్ తొమ్మిదికి పోతే గట్టిది నూటికి అయిదు పాళ్లు కూడా ఉండదు. పచ్చటి చెరువులో మిట్టమధ్యాహ్నం జరిగేది సరిగ్గా ఇదే. పాచి ఎండలో పెరుగుతా నీళ్లలోని బొగ్గుపులుసు గాలిని పీల్చేసుద్ది, దాంతో పీహెచ్ పైకి పోద్ది. అంటే పాచి ముదిరిన చెరువులో పాచే క్లోరిన్ బలం తీసేస్తది. మనం బస్తా విప్పేది కూడా ఫొటోకి వెలుతురుంటదని మిట్టమధ్యాహ్నమే.

యాభై బస్తాలు వేస్తే?

"అయితే యాభై బస్తాలూ వేద్దాం" అనే హుషారు మనుషులు ఉంటారు. వాళ్లకి చెప్పాల్సిన మాట ఇది. చేపలు తేలతాయి, కుళ్లుతాయి. చచ్చిన పాచి అడుక్కి దిగి కుళ్లి, రేపటి పాచికి ఎరువవుద్ది. కుళ్లిన పదార్థంతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫామ్ లాంటివి పుడతాయని 1974లోనే తేలింది. ఏళ్ల తరబడి తాగే నీళ్లలో అవి ఎక్కువ ఉండకూడదు.

అసలు భయం వేరే ఉంది. పచ్చగా కనిపించేదంతా ఒకే జాతి కాదు. నీలి ఆకుపచ్చ నాచు అని ఒక రకం ఉంది. నిజానికి అది బ్యాక్టీరియా. దానిలో కొన్ని జాతులు లివర్ని దెబ్బతీసే విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. కణం బతికున్నంత సేపు ఆ విషంలో ఎక్కువ భాగం లోపలే ఉంటది. మందు కొట్టి చంపితే కణం పగిలి విషమంతా నీళ్లలోకి వస్తది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలండ్‌లో నీళ్లు వాసనొస్తన్నాయని జనం మొత్తుకుంటే, తాగునీటి రిజర్వాయర్‌లో మైలుతుత్తం వేశారు. ఆ తర్వాత 148 మంది జబ్బుపడ్డారు. వాళ్లలో 138 మంది పిల్లలు, అక్కడి ఆదివాసీల పిల్లలు. పాచి చచ్చింది, దాని విషం కుళాయిల్లోకి వచ్చింది.

"కాచుకుని తాగితే పోలా?" అంటారు. క్రిములకైతే కాయడం బ్రహ్మాండమైన మందు. ఈ విషానికి పనిచెయ్యదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుద్ది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో నగరం కుళాయి నీళ్లలో ఇదే తరహా విషం కనపడితే, తాగొద్దు, కాచుకుని కూడా తాగొద్దని లక్షల మందికి చెప్పారు.

మన చెరువులన్నిట్లో ఇది ఉందని నేను బెదిరించట్లా. ఉందో లేదో చూడకుండా మందు చల్లొద్దంటన్నా. ఇంటి దగ్గర చేసుకునే మొదటి పరీక్ష ఒకటుంది. చేతికి గుడ్డో కవరో తొడుక్కుని గాజు సీసాలో చెరువు నీళ్లు పట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నకి పచ్చదనం పైకి తేలి పెయింటులా తెట్టు కడితే నీలి ఆకుపచ్చ రకమని అనుమానించాలి. అడుక్కి దిగితే వేరే రకం కావొచ్చు. పుల్లతో కెలికితే జుట్టులా వేలాడేది మామూలు తీగ నాచు. తెట్టు కడితే ల్యాబ్‌కి పంపమని రాతపూర్వకంగా అడగాలి. ఊళ్లలో ఇచ్చిన పరీక్ష కిట్లతో ఈ విషం తెలియదు.

మరి క్లోరిన్ ఎక్కడ వెయ్యాలి?

క్లోరిన్ వద్దని నేననట్లా. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్‌లో టైఫాయిడ్ వస్తే బ్లీచింగ్‌తోనే నీళ్ల పైపులు శుద్ధి చేశారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ రోజూ నీళ్లలో క్లోరిన్ కలపడం మొదలెట్టింది. అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్క కట్టలేం. మన పక్కనే గుంటూరులో 2018లో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారంతో జనం చచ్చిపోయారు. పైపు చివరి దాకా క్లోరిన్ మిగిలుండటం ఎంత అవసరమో అలాంటప్పుడే తెలుసుద్ది.

కాబట్టి దాని చోటు ఫిల్టర్ అయ్యాక, ఓవర్‌హెడ్ ట్యాంకులో. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి, ఎండ తగలదు, తినేసే చెత్త తక్కువ. 60 వేల లీటర్ల ట్యాంకుకి లీటరుకి రెండు మిల్లీగ్రాముల లెక్కన 120 గ్రాముల క్లోరిన్, అంటే తాజా బ్లీచింగ్ 360 గ్రాములు. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. కనీసం అరగంట ఆగాకే వాల్వు తిప్పాలి. బ్లీచింగ్‌ని యాసిడ్ దగ్గరికి మాత్రం రానివ్వొద్దు, విషవాయువు లేస్తది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి. చెరువు గట్టున ఒక బస్తా చల్లితే వచ్చే లెక్కా ఇంతే, కాకపోతే అక్కడ అది నిమిషాల్లో మాయమవుద్ది. ట్యాంకులో వేస్తే ఊరి చివరి ఇంటి దాకా వస్తది.

ఇంకోటి. నెమ్మదిగా వడపోసే ఇసుక ఫిల్టర్లున్న ఊళ్లలో ఇసుక పైన ఒక జిగట పొర ఉంటది. క్రిముల్ని పట్టి తినేది ఆ జీవమున్న పొరే. చెరువులో చల్లిన క్లోరిన్ ఫిల్టర్ దాకా వచ్చిందంటే ముందు చచ్చేది అదే. ఫిల్టర్ మూసుకుపోతే పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి, పొర మళ్లీ కట్టడానికి కొన్ని రోజులు ఇవ్వాలి. అందుకే రెండు బెడ్లు ఉండాలి.

పాచికి తిండి ఎవరు పెడతన్నారు?

పాచి గాల్లోంచి ఊడిపడదు. పొలం నుంచి కొట్టుకొచ్చే డీఏపీ, యూరియా, గేదెల కడుగు, వీధి మురుగు, బట్టల సబ్బు, ఇవే దాని తిండి. చేపల పాట పెట్టిన మంచినీళ్ల చెరువులో మేతా పేడా పడితే అడిగే పనే లేదు. కొల్లేరు దాకా పరుచుకున్న చేపల చెరువుల నీళ్లు కాలవల్లోకి వదిలినా, ఆ ఎరువు చివరికి మన చెరువుకే చేరుద్ది.

అందుకే ఎండాకాలం పచ్చదనాన్ని ఎండాకాలంలో ఆపలేం. చెరువు ఎండిన రోజుల్లో అడుసు తియ్యాలి. కాలవకి నీళ్లొదిలిన మొదటి రోజుల మురికి నీళ్లు చెరువులోకి పట్టకుండా, తేరుకున్నాక పట్టాలి. గట్టుకి కంచె, గేదెలకి వేరే గుంట. పైప్ మూతి నీళ్ల పైనున్న తెట్టులోనూ, అడుగున అడుసులోనూ కాకుండా మధ్యలో ఉండాలి. గాలికి ఒక మూలకి చేరిన తెట్టుని వలతో లాగి దూరంగా పారెయ్యాలి. ఇవేవీ ఫొటోకి బాగుండవు. కానీ చెరువుని కాపాడేవి ఇవే.

చెరువు పచ్చబడితే డబ్బున్నోళ్లు క్యాన్ నీళ్లు తెప్పించుకుంటారు. కూలికి పోయే ఇంట్లో బిందె కుళాయి కిందే ఉంటది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురికి, వీలైనంత వరకు ఆడవాళ్లకి, నీళ్ల పరీక్ష నేర్పాలని చెప్పింది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో ఈసారి గ్రామసభలో అడగండి. అడుసు ఎప్పుడు తీశారో, కంచె ఎప్పుడు వేస్తారో, చేపల పాట ఎందుకు పెట్టారో అడగండి. బ్లీచింగ్ ఎన్ని బస్తాలు కొన్నారని అడిగి ఊరుకోవద్దు. ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత ఉందో రోజువారీ రాసిన పుస్తకం చూపించమనండి. లేకపోతే రేపటి నుంచి రాయమనండి.