పిల్లలకు మిషను పాఠశాల

సంక్రాంతి వెళ్లినది మొదలు మన పట్టణములలో పసిపిల్లలు గల యిండ్లయందు ఒకే ప్రసంగము. పిల్లవానిని ఏ బడిలో చేర్పింతము? తండ్రి రుసుము లెక్కించుచుండును. నాయనమ్మ దూరమును గూర్చి విచారించుచుండును. తల్లి మాత్రము ఎదురింటి పిల్లలు ఏ బడి బండి యెక్కుచున్నారో కిటికీలోనుండి కనిపెట్టుచుండును. తఱచుగా ఆ ప్రసంగము “కాన్వెంటు” అను మాటవద్ద వచ్చి ఆగును. ఆ మాట వెనుక నేమున్నదో కొంచెము విమర్శించి చూతము.

కాన్వెంటనగా నిజమునకు క్రైస్తవ సన్న్యాసినులు నివసించు మఠము. వారు తమ మఠమును చేర్చి బాలికలకు బడులు పెట్టిరి గనుక ఆ పేరు బడికి వచ్చినది. నేడు మన వాడుకలో ఇంగ్లీషున చదువు చెప్పు ప్రతి బడియు కాన్వెంటే. అంతేకాదు, వీథి మొగను నాలుగు గదులు అద్దెకు పుచ్చుకొని, గుమ్మముపై ఒక పునీతుని పేరు వ్రాయించి, ఏ సంఘముతోను ఏ మఠముతోను సంబంధము లేక వ్యాపారముగా నడపుచున్నవారును గలరు. కావున సోదరీమణులు మొట్టమొదట అడుగవలసినది రుసుము కాదు, యాజమాన్యము. బడిని నడపునది కతోలిక సన్న్యాసినుల సభయా, దక్షిణ ఇండియా సంఘమా, లూథరనులా, బాప్టిస్టులా, లేక ఒక గృహస్థుడా? ప్రభుత్వపు గుర్తింపు కలదా? ఏ బోర్డు పరీక్షలకు పంపుదురు? ఈ ప్రశ్నలకు సంకోచము లేక జవాబు చెప్పని బడిని విడిచిపెట్టుటయే మేలు.

మిషను బడులపై మన పెద్దలకు గల గౌరవము ఊరక వచ్చినది కాదు. 1842లో లూథరను మిషనరీ హేయరు గుంటూరు చేరి పాఠశాలలు నెలకొల్పెను. మఱుసటి యేట రాబర్టు నోబిలు బందరులో బడి తెఱచెను. సికిందరాబాదున సెయింట్ ఆన్స్ 1871లోను, హైదరాబాదున స్టాన్లీ బాలికల పాఠశాల 1895లోను, రోజరీ కాన్వెంటు 1904లోను వెలసినవి. ఆడపిల్లకు అక్షరములేల యని యిండ్లలో వాదములు జరుగుచున్న దినములలో ఈ బడుల తలుపులు తెఱచియున్నవి. ఊరి బడి అరుగుమీద కూర్చుండనీయని కులముల బిడ్డలకు పలక బలపము చేతికిచ్చినవి అనేక గ్రామములలో మిషను బడులే. ఈ ఋణమును మఱచుట న్యాయము కాదు. అట్లని అన్ని మిషనులును మొదటినుండియు అందఱిని ఒక్కరీతిగా చూచినవనుటయు సత్యము కాదు. నోబిలుగారి బడి ముఖ్యముగా అగ్రవర్ణముల బాలురను ఉద్దేశించి పెట్టినది. 1852లో అందలి విద్యార్థులు ఇరువురు క్రైస్తవమతమున చేరగా, తల్లిదండ్రులు భీతిల్లి పిల్లలను మాన్పించుటచే బడి రమారమి శూన్యమైపోయెను.

ఆ భీతి నేటికిని కొన్ని యిండ్లలో మిగిలియున్నది. నోరు విప్పి అడుగుటకు సిగ్గుపడి, లోలోపల దిగులుపడు తల్లులను మేము చూచియున్నాము. అడుగుటయే మంచిది, అడుగుటకు హక్కును కలదు. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయద్రవ్యముగాని పొందిన ఏ పాఠశాలయు, పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి లేనిదే వారిని మతబోధయందుగాని ఆరాధనయందుగాని పాల్గొనుమని నిర్బంధింపరాదని మన రాజ్యాంగము 28వ అధికరణములో స్పష్టముగా నున్నది. ఇందు మూడు విషయములను వేఱుపఱచి చూడవలెను. ఉదయమున అందఱు నిలుచుండి చేయు ప్రార్థన యొకటి. నీతిబోధ యను పేర జరుగు తరగతి రెండవది. అనేక కతోలిక పాఠశాలలలో క్రైస్తవ బాలురకు జ్ఞానోపదేశము జరుగు వేళ తక్కినవారికి ఈ తరగతి నడచును. బైబిలు బోధ మూడవది. మీ బిడ్డ వీనిలో దేనియందు కూర్చుండునో చేర్పించుటకు ముందే తెలిసికొనుడు. చేర్పించిన పిదప బిడ్డ ఇంట పాడిన పాట విని అలుగుట బిడ్డకే కష్టము.

క్రైస్తవ సోదరీమణులకును ఒక మాట. పునీతుని పేరు చూచి, ఇక బిడ్డ భక్తిని బడియే చూచుకొనునని నిశ్చింతగా నుండువారు కలరు. లూథరను ఇంటి పిల్ల కతోలిక బడికి వెళ్లినచో జపమాలను గూర్చియు మరియమాతను గూర్చియు ప్రశ్నలు మోసికొని యింటికి వచ్చును. జవాబు చెప్పవలసినది ఇల్లే.

మతముకన్న మాకు ఎక్కువ చింత కలిగించు విషయము భాష. మా యెఱిగిన యొక యింట ఏడేండ్ల బాలిక, బడిలో తెలుగు మాటాడినందుకు పలుమార్లు చీవాట్లు తిని, ఇంటివద్ద అమ్మమ్మతో మాటాడుటయే తగ్గించివేసినది. ఆమె కథ చెప్పబోగా, “నీకు ఇంగ్లీషు రాదుగా” అన్నదట. ఆ ముసలామె ఏమియు అనలేదు, తల్లి మాత్రము ఆ రాత్రి నిద్రపోలేదు. మఱునాడామె బడికి పోయి ప్రధానోపాధ్యాయినిని కలిసికొని నిదానముగా మాటాడగా, ఆ తరగతిలో చీవాట్లు నిలిచినవి. అన్ని బడులు ఇట్లుండవు. ఒకప్పుడు కవి జాషువ గుంటూరు లూథరనుల ఉపాధ్యాయ శిక్షణశాలలో పనిచేసెను; తెలుగు పద్యమునకును మిషను బడికిని వైరము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. తెలంగాణమున 2018 నాటి చట్టము పాఠశాలలన్నిటను తెలుగు నేర్పుట తప్పనిసరి చేసినది. కాని పాఠ్యపట్టికలో తెలుగు ఉన్నంతమాత్రమున విరామవేళ తెలుగు మాటాడనిత్తురని అర్థము కాదు. బొట్టు, గాజులు, పూలు, గోరింట విషయములలో నియమములెట్టివో కూడ అడుగుడు. పండుగనాడు గోరింట పెట్టుకొన్న పిల్లను మఱునాడు వాకిట నిలువబెట్టుదురో లేదో ముందే తెలియుట మంచిది.

ఇక డబ్బు. వార్షికపు రుసుమొక్కటియే చెప్పి, పుస్తకములు, దుస్తులు, బండి, వేడుకలు అను పద్దులను తరువాత చేర్చుట కలదు. అన్నియు కాగితముపై వ్రాయించుకొనుడు. విరాళము అడిగినచో రసీదు అడుగుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రవేశమునకు విరాళము పుచ్చుకొనుటను, పసిపిల్లలకు పరీక్ష పెట్టుటను, కొట్టుటను నిషేధించినది. ప్రైవేటు బడులలో మొదటి తరగతి స్థానములు నాలుగింట నొకటి బీదపిల్లలకీయవలెనని కూడ విధించినది. అయితే 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, మైనారిటీల పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదని తీర్పిచ్చెను. ఆ తీర్పును పునఃపరిశీలింపవలెనని 2025లో అదే న్యాయస్థానమున ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనము అభిప్రాయపడినది. కనుక బీదయింటి తల్లి ఆ నాల్గవ వంతును నమ్ముకొని మిషను బడికి పోరాదు. కొన్ని మఠములు తమంతట తామే రుసుము తగ్గించి బీదపిల్లలను చేర్చుకొనును. వానిని నేరుగా అడుగుటలో చిన్నతనము లేదు.

మంచి సిస్టరుగారు ఉన్నారని విని బడిని ఎంచుకొనువారు అనేకులు. సన్న్యాసినులను వారి సభవారు కొన్నేండ్లకొకసారి వేఱు ఊళ్లకు మార్చుచుందురు. నేడు మీ మనసు గెలిచిన ప్రధానోపాధ్యాయిని రెండవ తరగతి నాటికి అక్కడ నుండకపోవచ్చును. పదేండ్లు పదునైదేండ్లుగా అచ్చటనే పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయినులు ఎందఱున్నారో విచారించుట ఎక్కువ ఉపయోగము. ఒక గదిలో ఎందఱు పిల్లలున్నారో లెక్కింపుడు. బాలికల మరుగుదొడ్డిలో నీళ్లున్నవో లేవో స్వయముగా చూడుడు. చూపమన్నప్పుడు వారి మొగము మాఱినచో జవాబు దొరకినట్లే. సాయంకాలము బడి విడుచు వేళకు వాకిట ఒక అరగంట నిలుచుండుడు. పిల్లలు ఆయమ్మ చేయి ఎట్లు పట్టుకొందురో, ఉపాధ్యాయినిని చూచి నవ్వుదురో తల వంచుకొందురో అచ్చట తెలిసినంతగా ఆఫీసు గదిలో తెలియదు.

నాలుగేండ్ల పసివాడు పోనొక గంట, రానొక గంట బండిలో ఊగుచు పోవలసియున్నచో, పేరుపొందిన బడియైనను రెండు మూడేండ్లు ఆగి చేర్పింపవచ్చును. అంతవఱకు ఇంటికి దగ్గఱనున్న చిన్న బడి చాలును.