తిరస్కారమా, మౌనమా?

వనపర్తి పాఠశాల ఒకదానిలో విద్యార్థుల వివరాల డేటాబేసు ఉన్నదనుకొందాం. గద్వాల, నాగర్‌కర్నూలు ఉపాధ్యాయులు ప్రైవేటు నెట్‌వర్కు మీదుగా చిన్న పైథాన్ స్క్రిప్టుతో ఆ వివరాలు తెప్పించుకొంటారు. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊళ్లే. ఇప్పుడు మూడు జిల్లాల కేంద్రాలు. అడిగే స్క్రిప్టు క్లయింటు, బదులిచ్చేది సర్వరు. రెండింటినీ కలిపే సంభాషణ కొసలే సాకెట్లు. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖ విడుదల చేసిన 4.2 బి.ఎస్.డి. ద్వారా ఈ పద్ధతి వ్యాపించింది. గోడకు బిగించే విద్యుత్ సాకెట్టుకూ దీనికీ పేరులోనే పోలిక.

డేటాబేసును కొత్త కంప్యూటరులోకి మార్చిన మర్నాడు పని ఆగిపోయింది. బదిలీ పత్రం కోసం వచ్చిన పిల్లలు నిలబడి ఉన్నారు. గద్వాలలో వెంటనే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వచ్చింది. నాగర్‌కర్నూలులో చాలాసేపు మౌనం, ఆ తరువాత ‘టైమ్డ్ అవుట్’. వనపర్తిలోనో, అదే స్క్రిప్టు చక్కగా నడుస్తున్నది!

స్క్రిప్టును తిరగ రాయనక్కరలేదు. ‘చిరునామాదారు లేరు’ అని తిరిగి వచ్చిన ఉత్తరానికీ, అసలు జాడలేని ఉత్తరానికీ ఎంత భేదమో ఇక్కడా అంతే. గద్వాల పిలుపు సాధారణంగా సర్వరు యంత్రాన్ని చేరినట్లే. ఆ పోర్టువద్ద వినే ప్రోగ్రాము లేక యంత్రమే కాదన్నది. (కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇలా బదులిస్తాయి.) నాగర్‌కర్నూలు పిలుపుకు బదులే లేదు. అది దారిలో పోయి ఉండాలి, లేదా ఫైర్‌వాల్ దానిని చప్పుడు చేయకుండా పారవేసి ఉండాలి. పింగ్ పలికినా నమ్మరాదు. పింగ్‌కు పోర్టులతో పనిలేదు.

వనపర్తి యంత్రంలో నెట్‌స్టాట్ చూస్తే, 5432వ పోర్టువద్ద పోస్ట్‌గ్రెస్ 127.0.0.1 చిరునామాపై మాత్రమే వింటున్నది. అంటే తన ఇంటివారి మాట తప్ప వినదు. కొత్తగా ప్రతిష్ఠించిన పోస్ట్‌గ్రెస్‌కు అది సహజమే. అమరికలో నెట్‌వర్కు చిరునామా చేర్చి తిరిగి ప్రారంభించగానే గద్వాలకు తిరస్కారం తొలగింది. నాగర్‌కర్నూలు మౌనం మాత్రం అలాగే ఉన్నది. ఫైర్‌వాల్ పట్టికలో దాని చిరునామా రాయడం మరచారు. విసిగి అందరికీ ద్వారం తెరిచేవారున్నారు. పిల్లల వివరాలున్నచోట అది చేయరాని పని. ఆ ఒక్క చిరునామా చేరిస్తే చాలు.

అది చేర్చాక రెండు ఊళ్లలోనూ ఒకే కొత్త సందేశం: ఈ క్లయింటుకు అనుమతి లేదు. నిరాశపడనక్కరలేదు. ఆ మాట అన్నది డేటాబేసే గనుక సాకెట్టు కలిసినట్లే. ఇక చూడవలసినది పోస్ట్‌గ్రెస్ అనుమతుల దస్త్రం.