బెజవాడ రేడియోలో పాట కట్టిన మనిషి

చీరాల నుంచి వచ్చే రోడ్డు వాడరేవులో ఇసుక దగ్గర ఆగిపోతుంది. గీత గీసి కొలిస్తే ఇక్కడికి బెజవాడ సుమారు ఎనభై అయిదు కిలోమీటర్లు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌కి అదొక దూరమే కాదు. పైగా మీడియం వేవ్‌కి ఒక చిత్రమైన గుణం ఉంది. నేల మీద కంటే ఉప్పునీటి మీద దాని బలం తక్కువ తరుగుతుంది, అందుకని ఇంకా దూరం పోతుంది. వేటకు పోయిన పడవలో ట్రాన్సిస్టర్ పలికిందంటే కారణం అదే. వేటగాళ్లకు ముందు కావలసింది తుఫాను కబురు. పాట దాని వెనక వచ్చేది.

ఒడ్డు దాటి లోపలికి పోతే పత్తి చేలు, మిరప కళ్లాలు. 1948 డిసెంబరు 1న బెజవాడ కేంద్రం మొదలైన తర్వాత ఈ మైదానమంతటికీ పొద్దు రేడియోతోనే తెల్లవారేది. ముందు ఆకాశవాణి సంకేత సంగీతం, తర్వాత వందేమాతరం, ఆ తర్వాత మంగళవాద్యం, అటుపైన భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని. ఆ సంకేత సంగీతాన్ని కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్. ఐరోపాలో యూదుల మీద దాడులు మొదలైన రోజుల్లో బొంబాయి చేరిన సంగీతకారుడు. ఆ ట్యూను విని లేచి పొలానికి పోయినవాళ్లలో ఆ పేరు విన్నవాళ్లు ఎందరుంటారు?

భక్తిరంజని అనగానే తలచుకోవలసిన పేరు బాలాంత్రపు రజనీకాంతరావు. అందరికీ రజని. 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వెంకటరావు, వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. రజని 1941లో మద్రాసు రేడియోలో చేరారు. తర్వాత చాలా ఊళ్ల కేంద్రాల్లో పనిచేశారు, బెజవాడ కేంద్రానికి డైరెక్టరయ్యారు. ‘రజనీ ఆత్మకథా విభావరి’ పేరుతో తన కథ తానే రాసుకున్నారు.

పాట రాయడం, వరస కట్టడం, పాడించడం, అవసరమైతే తానే పాడటం, ఈ నాలుగూ ఒక్క మనిషే చేశారు. అప్పట్లో టేపులు అరుదు. ప్రసారాలు చాలావరకు సూటిగా గాలిలోకే పోయేవి. గాయని తప్పు పాడితే రాష్ట్రమంతా వినేస్తుంది. ఆ భయం మధ్య పుట్టిన పాటలవి.

వాటిలో అందరూ చెప్పుకునేది 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నాటి పాట. ఢిల్లీ నుంచి నెహ్రూ ప్రసంగం అయ్యాక మద్రాసు కేంద్రం నుంచి రజని రాసి వరస కట్టిన తెలుగు పాట వినిపించింది. పాడింది టంగుటూరి సూర్యకుమారి. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. ఇప్పుడంటే వాడరేవు బాపట్ల జిల్లాకు పోయింది గానీ, నిన్నమొన్నటిదాకా ఆ పంతులు గారి పేరున్న జిల్లాలోదే. స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి తెలుగువాళ్లు విన్న పాట ఒక రేడియో ఉద్యోగి నెలజీతం పనిలో భాగం. సినిమా పాటకు దక్కే కీర్తిలో ఇలాంటి పాటలకు పిసరంత కూడా దక్కలేదన్నది నా ఫిర్యాదు.

సినిమాలోనూ రజని ఉన్నారు, చాటుగా. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన పావురం పాట ఆయన రాసిందే. ప్రభుత్వోద్యోగి కనుక తన పేరు బయటికి రాకూడదు. ‘గృహప్రవేశం’ చిత్ర సంగీతానికి సోదరుడు నళినీకాంతరావు పేరు పడింది.

బెజవాడ పున్నమ్మతోటలోని స్టూడియోకి వస్తే, అక్కడ ఆయన ఒంటరి కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ సంగీత ప్రయోక్తగా ఉన్నారు. ఊళ్లలో భజనపరులు పాడుకునే ఏడ్ల రామదాసు తత్త్వాలను బాలమురళి గొంతు ఇంటింటికీ చేర్చింది. శ్రీరంగం గోపాలరత్నం నిలయ కళాకారిణి. ఓలేటి వెంకటేశ్వర్లు ‘సంగీత శిక్షణ’ నడిపారు. శిష్యులను మైకు ముందు కూర్చోబెట్టి, ఒక్కో సంగతి తాను పాడి వాళ్లచేత పాడించేవారు. గురువు దొరకని ఊళ్లో పిల్లలు రేడియో ముందు కూర్చుని వాళ్లతోపాటు శిష్యులైపోయేవారు.

ఈ మైదానం పుచ్చుకోవడమే కాదు, ఇచ్చింది కూడా. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం నేర్చి శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదిచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి షేక్ నాజర్ బుర్రకథ వచ్చింది.

రేడియో అన్నీ సవ్యంగానే చేసిందనుకోకూడదు. 1940లో స్టూడియోల్లో హార్మోనియం నిషేధించారు. మన గమకాలకు అది పనికిరాదన్నారు. ఆ కట్టడి 1971లో గానీ సడలలేదు. పద్యనాటకమంటే పడిచచ్చే గుంటూరు, తెనాలి ప్రాంతాలకు హార్మోనియం లేని రాగాలాపన ఉప్పులేని పప్పు. ఇంకోటి, 1952లో ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలకు కత్తెర వేశారు. శ్రోతలు ఊరుకుంటారా? ముల్లు తిప్పి సిలోన్ రేడియో పెట్టారు. కొలంబో నుంచి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతును ఆ తరం ఇప్పటికీ గుర్తుపడుతుంది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టక తప్పలేదు. అయితే కేస్కర్ పట్టుదల వల్ల ఒక మేలూ జరిగింది. సినిమా పాటకు పోటీగా కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలు పెట్టించారు. అప్పటికే ఆ పని చేస్తున్న రజని లాంటివారికి పై నుంచి ఊతం దొరికింది.

రజని 1978లో ఉద్యోగ విరమణ చేసి, 2018 ఏప్రిల్ 22న బెజవాడలోనే కన్నుమూశారు. ఆయన రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. పుస్తకం నిలిచింది. టేపు ఎక్కని పాటలు గాలిలో పోయాయి. దక్కినవాటిలో కొన్ని ఆకాశవాణి భద్రపరచినవి, కొన్ని శ్రోతల చలవ. ఇంట్లో టేప్‌రికార్డరు మీట నొక్కి, వంటింటి చప్పుడుతో సహా క్యాసెట్లకెక్కించిన పాఠాలూ కచేరీలూ ఇవాళ ఫోన్లలో తిరుగుతున్నాయి.