గురి తప్పిన గుండు

ఆడలేక మద్దెల ఓడన్న సామెత తుపాకి పట్టినవానికి వర్తించినంతగా మరియొకరికి వర్తింపదు. గుండు గురి తప్పగనే గొట్టము వంకరయనును, మందు మంచిది కాదనును, గాలి అడ్డము వీచినదనును. చిత్రమేమనగా, అతడు చెప్పినవానిలో ఏదో యొకటి తరచుగా నిజమే. ఏది నిజమో తేల్చుకొనుటయే రైఫిల్ విద్యలో మొదటి పాఠము. పక్షి కన్ను దక్క మరేమియు కానరాదని ద్రోణునితో చెప్పిన శిష్యుని తరతరములుగా మెచ్చుకొనుచున్నాము. అతని బాణమును చెక్కినవాడెవడని అడిగినవారు లేరు. ఆ ప్రశ్నను పట్టుకొని కూర్చున్న పాశ్చాత్యులు కొందరు కలరు. వారిలో మొదట చెప్పదగినవాడు బెంజమిన్ రాబిన్స్.

రాబిన్స్ ఇంగ్లండు దేశపు గణితవేత్త. ఫిరంగి విద్యను గూర్చి అతడు 1742లో ప్రకటించిన గ్రంథమును మహాగణితజ్ఞుడైన ఆయిలర్ 1745లో జర్మను భాషలోనికి అనువదించి, దానికి విపులమైన వ్యాఖ్య వ్రాసెను. గుండు వేగమును కొలుచుటకు రాబిన్స్ పన్నిన ఉపాయము నేటికిని తరగతిలో చెప్పదగినది. బరువైన పలకను లోలకము వలె వ్రేలాడదీసి దానిపై కాల్చెను. పలక ఎంత దూరము ఊగినదో చూచి, గుండు ఎంత వేగముతో తాకినదో లెక్కగట్టెను.

అంతకన్న అందమైనది మరియొక ప్రయోగము. ఆనాటి తుపాకి గొట్టము లోపల నున్నగా ఉండెడిది. గుండు దానికన్న కొంచెము చిన్నది. అందుచే గుండు గొట్టపు గోడలకు రాచుకొనుచు, ఏ వైపునకో తిరుగుచు వెలువడును. ఆ తిరుగుట వలన గాలి దానిని ప్రక్కకు నెట్టును. ఇది రాబిన్స్ ఊహ. దీనిని నిరూపించుటకు అతడు ఒక గొట్టపు కొసను ఎడమ వైపునకు వంచి, ఎదుట పలుచని కాగితపు తెరలను వరుసగా నిలిపి కాల్చెను. గుండు మొదట ఎడమకే పోయెను. కాని దూరపు తెరలపై రంధ్రములు క్రమముగా కుడివైపునకు మరలెను. వంపులో గుండు కుడి గోడను రాచుకొని పొరలినది కనుక కుడివైపే తిరిగినదన్నమాట. వంకర గొట్టముతో సత్యమును నిరూపించిన ఘనత ఇతనిదే.

మరి మందేమి? గుండు తిరుగకుండ చేయుట అసాధ్యము. కనుక మనకు కావలసినట్లు తిరుగునట్లు చేయవలెను. గొట్టము లోపల మరచుట్టు గాడులు తొలిచినచో, గుండు తాను పోవు దిక్కునే ఇరుసుగా చేసికొని బొంగరము వలె తిరుగుచు పోవును. ఆ గాడులే రైఫిల్‌కు ఆ పేరు తెచ్చినవి. వానిని మొదట కనిపెట్టినవాడు రాబిన్స్ కాడు. వాని మర్మమును చెప్పినవాడు. దీనిని చక్కగా గ్రహించి ఆచరించిన దేశమునకు యుద్ధములో పైచేయి కలుగునని 1747లో రాయల్ సొసైటీకి విన్నవించెను. తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో కోటలను బాగుచేయుటకై 1750లో మన దేశమునకు వచ్చి, మరుసటి సంవత్సరమే కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. అతని మాట ఫలించుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

మాంచెస్టరులో యంత్రములు నిర్మించుచుండిన జోసఫ్ విట్‌వర్త్‌ను 1854లో ప్రభుత్వము తుపాకుల సంగతి చూడుమని కోరెను. నాటి ఎన్‌ఫీల్డు రైఫిల్‌లో గాడి 78 అంగుళములకు ఒక చుట్టు తిరిగెడిది. విట్‌వర్త్ గొట్టము షట్కోణాకారమున నుండి, 20 అంగుళములకే ఒక చుట్టు తిరిగెను. 1860 జూలై 2వ తేదీన వింబుల్డన్‌లో విక్టోరియా రాణి ఆ రైఫిల్‌నే పేల్చి పోటీలను ప్రారంభించినది. దానిని పీఠముపై బిగించిరి. రాణి పట్టుత్రాడు లాగినది. 400 గజముల దూరమున గుండు నడిబొడ్డునకు సుమారు అంగుళమున్నర లోపలనే తగిలెను. ఇది రాణి నేర్పు కాదని అందరికిని తెలియును. అయినను ఆ దృశ్యములో పాఠమున్నది: మనిషి చేతిని తొలగించినప్పుడే తుపాకి గుణము తెలియును.

అమెరికాలో ఫ్రాంక్లిన్ మాన్ అను వైద్యుడు ఈ పాఠమును పరాకాష్ఠకు తీసికొనిపోయెను. గొట్టమును కదలని బరువైన ఆధారముపై నిలిపి కాల్చినను గుండ్లు చెదరుచుండుట చూచి, కారణమును గుండులోనే వెదకెను. గుండు అడుగుభాగము సమముగా లేనిచో అది దారి తప్పునని కనుగొని, తన అనుభవమంతయు 1909లో గ్రంథముగా ప్రకటించెను.

తూటాను తానే నింపుకొను అలవాటునకు ఈ జిజ్ఞాసయు ఒక కారణము. తూటాలో నాలుగు భాగములు: ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు ప్రైమర్, మందు, గుండు. కాల్చిన పిదప డొల్ల మిగులును. దానిని అచ్చులో నొక్కి మునుపటి కొలతకు తెచ్చి, క్రొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగింతురు. కర్మాగారపు తూటా ఆ తరగతి తుపాకులన్నిటికిని సరిపడవలెను. ఇది ఒక్క తుపాకికి కొలిచి కుట్టిన చొక్కా వంటిది.

అయినను క్రొత్తగా ఆరంభించువాడు త్రాసు దగ్గరకు పరుగెత్తరాదు. గొట్టమును కొయ్యకు బిగించిన మరలు వదులుగా నున్నవా? దూరదర్శిని కదలుచున్నదా? గొట్టములో మడ్డి పేరినదా? వీనిని మొదట చూడవలెను. పిమ్మట ఒకే రకపు తూటాలు పది కాల్చవలెను. మూడు గుండ్లు ఒకచోట తగులుట అదృష్టము కావచ్చును. పది తగులుట కాదు. 100 గజముల దూరమున ఒక అంగుళమనగా డిగ్రీలో అరువదవ వంతు కన్న కొంచెము తక్కువ. గుంపు బిగువుగా నుండి, నడిబొడ్డునకు దూరముగా ఉన్నను విచారము లేదు. దానిని గురిమరతో జరుపవచ్చును. చెదరిన గుంపును ఏ మరయు బాగుచేయజాలదు. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. మందును గుండును కలిపి మార్చినవాడు ఏది మేలుచేసినదో ఎన్నటికిని తెలిసికొనలేడు.

తూచుటలో ప్రమాణము గ్రెయిను. 7000 గ్రెయినులు ఒక పౌను. ఇక్కడ తప్పునకు శిక్ష గురి తప్పుట మాత్రమే కాదు. ఒక రకపు మందుకు బదులు మరియొకటి పోసినను, ఒకే డొల్లలో రెండుసార్లు పోసినను తుపాకి ముఖము ముందరనే పగులవచ్చును. అందుచేతనే మందు తయారుచేయువారు అచ్చువేసిన పట్టికలను దాటరాదనియు, బల్లపై ఒక్క మందు డబ్బా తప్ప మరియొకటి ఉండరాదనియు అనుభవజ్ఞులు నియమము పెట్టుకొనిరి. మన దేశములో 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయుట నేరము.

మందు లేని తుపాకిలోను ఈ వెదకులాట తప్పదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకము గెలిచినది గాలి రైఫిల్‌తో. అక్కడ దూరము 10 మీటర్లే. కాని నడిబొడ్డు చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. ఆ పోటీలకు సిద్ధపడువారు రైఫిల్‌ను పీఠమునకు బిగించి, వేర్వేరు డబ్బాలలోని సీసపు గుళ్ళను వరుసగా కాల్చి చూతురు. ఒకే కొలత, ఒకే కంపెనీ; అయినను ఒక డబ్బా గుళ్ళు ఒకే రంధ్రములో పడును, వేరొక డబ్బావి చెదరును. మంచి డబ్బా దొరికినచో దానిపై ముద్రించిన అంకెను వ్రాసికొని, ఆ అంకె గల డబ్బాలు దొరికినన్ని కొని దాచుకొందురు.