వీఎస్ కోడ్‌లో గిట్ పనిచేయట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

రేపు ప్రాజెక్ట్ రివ్యూ. కోడ్ రెడీగా ఉంది, వీఎస్ కోడ్‌లో పుష్ కొడితే ఎర్రర్. ఇలాంటప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి గిట్‌హబ్ నుంచి మళ్లీ క్లోన్ చేస్తారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆ ఫోల్డర్‌లో 'డాట్ గిట్' అని కనిపించకుండా ఇంకో ఫోల్డర్ ఉంటుంది. మీరు కమిట్ చేసి, ఇంకా పుష్ చేయని పనంతా దాంట్లోనే ఉంటుంది. అది పోతే ఆ పని కూడా పోయినట్టే.

అసలు ఇక్కడ మూడు వేర్వేరు వస్తువులున్నాయి. వీఎస్ కోడ్ ఒక ఎడిటర్. గిట్ మీ కంప్యూటర్‌లో విడిగా ఉండాల్సిన ప్రోగ్రామ్, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. గిట్‌హబ్ ఇంటర్నెట్‌లో ఉండే సర్వీస్. కాబట్టి ఎర్రర్ రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: గిట్ దొరికిందా?

వీఎస్ కోడ్‌తో పాటు గిట్ రాదు, మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. టెర్మినల్ ఓపెన్ చేసి గిట్ అని, ఒక స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు పెట్టి వెర్షన్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. నంబర్ వస్తే ఈ స్టెప్ ఓకే. 'నాట్ రికగ్నైజ్డ్' అని వస్తే గిట్ లేదు, లేదా ఉన్న చోటు పాత్‌లో లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్ గురించి అడిగే స్క్రీన్‌లో రికమెండెడ్ ఆప్షనే ఉంచండి. తర్వాత వీఎస్ కోడ్ విండోలన్నీ మూసి మళ్లీ తెరవండి. ఎందుకంటే ఏ ప్రోగ్రామైనా పాత్‌ని స్టార్ట్ అయ్యేటప్పుడే చదువుకుంటుంది. ముందు నుంచీ తెరిచి ఉన్న టెర్మినల్‌కి కొత్త పాత్ తెలీదు.

రెండు: మీరెవరో గిట్‌కి తెలుసా?

'ప్లీజ్ టెల్ మీ హూ యు ఆర్' అని వస్తే, గిట్ అడుగుతున్నది పాస్‌వర్డ్ కాదు. కమిట్ మీద వేయడానికి పేరు, ఈమెయిల్ అడుగుతోంది, అంతే. గిట్ కాన్ఫిగ్ కమాండ్‌తో యూజర్ డాట్ నేమ్, యూజర్ డాట్ ఈమెయిల్ రెండూ సెట్ చేయాలి. మీ సొంత ల్యాప్‌టాప్ అయితే గ్లోబల్ ఆప్షన్ పెట్టండి. కాలేజీ ల్యాబ్ సిస్టమ్ అయితే గ్లోబల్ వద్దు, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉండి అది లేకుండా సెట్ చేయండి. అప్పుడు ఆ ప్రాజెక్ట్ వరకే వర్తిస్తుంది.

ఈమెయిల్ దగ్గర జాగ్రత్త. మీ గిట్‌హబ్ అకౌంట్‌కి యాడ్ చేసిన ఈమెయిలే ఇవ్వండి. వేరేది ఇస్తే ఏ ఎర్రరూ రాదు, పుష్ కూడా అయిపోతుంది. కానీ మీ ప్రొఫైల్‌లో ఆ కమిట్లు లెక్కకు రావు. పని మీరు చేస్తారు, పేరు మాత్రం మీకు రాదు.

మూడు: మీకు పర్మిషన్ ఉందా?

కమిట్ అవుతోంది, పుష్ అవ్వట్లేదు అంటే చాలావరకు సమస్య ఇక్కడే. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ అకౌంట్ పాస్‌వర్డ్‌తో పుష్ చేయనివ్వట్లేదు. పాత ట్యుటోరియల్స్ చూసి పాస్‌వర్డ్ కొడుతూ కూర్చుంటే లాభం లేదు. బ్రౌజర్‌లో సైన్ ఇన్ అవ్వాలి, లేదా టోకెన్ వాడాలి. ఆ టోకెన్ కూడా పాస్‌వర్డ్ లాంటిదే, కోడ్‌లోనూ వాట్సాప్ గ్రూప్‌లోనూ పెట్టకండి.

403 అని వస్తే మెసేజ్ చివరిదాకా చదవండి. 'డినైడ్ టు' తర్వాత ఒక యూజర్‌నేమ్ ఉంటుంది. అది మీది కాకపోతే, ఆ సిస్టమ్‌లో ఇంతకుముందు వాడినవాళ్ల లాగిన్ సేవ్ అయి ఉంది. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో గిట్‌హబ్ ఎంట్రీ తీసేయండి. మళ్లీ పుష్ కొడితే సైన్ ఇన్ అడుగుతుంది. ఒకవేళ ఆ పేరు మీదే అయితే, మీ కంప్యూటర్ సెటప్‌ని వెతికి లాభం లేదు. రిపో ఓనర్ మిమ్మల్ని కొలాబరేటర్‌గా యాడ్ చేశారా, ఆ ఇన్విటేషన్ మీరు యాక్సెప్ట్ చేశారా, టోకెన్ వాడుతుంటే దానికి రైట్ పర్మిషన్ ఇచ్చారా అన్నది చూసుకోండి.

ల్యాబ్ సిస్టమ్ వాడితే, లేచి వెళ్లేముందు మీ ఎంట్రీ కూడా తీసేయండి. లేదంటే తర్వాత కూర్చున్నవాళ్లు మీ అకౌంట్‌తో పుష్ చేయగలరు.

ఈసారి ఎర్రర్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మూడింటిలో ఏదో తేల్చుకోండి, ఆ ఒక్కటే సరిచేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్స్ చూద్దాం. బై!