మామ్మగారి అద్దం

అద్దం చూసుకోని మనిషి వుంటాడా? కాని ఆ అద్దమే "మామ్మా, మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే యెలా వుంటుంది? విశాఖపట్నం ద్వారకా నగర్‌లో, మా వీధిలో, యీమధ్య ఆ ముచ్చట జరిగింది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను అందులో యెలా చిక్కుకున్నానో మనవి చేస్తాను.

మా యెదురింటి మామ్మగారికి షుగరు జబ్బు. ఒకనాడు మాత్ర వేసుకున్న సంగతి మరచి, మళ్ళీ వేసుకుని, కళ్ళు తిరిగి పడిపోయారు. ఇంట్లో మనుషులుండబట్టి గండం గడిచింది. తొమ్మిదో తరగతి చదివే ఆవిడ మనుమరాలు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"మాస్టారూ, మామ్మ సెల్‌ఫోను ముట్టుకోదు. కాని పూటపూటా అద్దం ముందు బొట్టు దిద్దుకోవడం మానదు. ఆ అద్దంలోనే అక్షరాలు కనబడేలా చేస్తాం. తెలుగు మీరు చూసిపెట్టాలి" అన్నది.

"ఇదేమైనా గారడీయా?" అన్నాను.

కాదట. రాత్రి గదిలో దీపం వెలుగుతూంటే కిటికీ గాజులో మన మొహమే కనిపిస్తుంది. బయటినుంచి యెవరైనా టార్చిలైటు వేస్తే ఆ వెలుగూ కనిపిస్తుంది. సూత్రం ఇంతే. గాజుపలకకు కొంత వెలుతురు తిప్పికొట్టి, కొంత పోనిచ్చే పల్చటి పొర అంటిస్తారు. వెనుక కంప్యూటరు తెర పెడతారు. తెర నల్లగా వున్నచోట అద్దం. తెల్లగా వెలిగినచోట అక్షరం.

తెరను నడిపేది పేకముక్కంత రాస్‌బెర్రీ పై. పిల్లలు కంప్యూటరు విద్య చవకగా నేర్వాలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జివారు తయారుచేసి, 2012లో 35 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. హాలండు వాసి మైకేల్ టేవ్ 2014లో ఇలాంటి అద్దం చేసి, ఆ విధానం అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు.

పాత తెర, పాత సామాన్ల కొట్టులో దొరికింది. చట్రానికి వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క. పొర అంటిస్తే నిండా బుడగలు! సబ్బునీళ్ళు చల్లి మళ్ళీ అంటించారు. తీరా వెలిగిస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ గళ్ళు. ఆ యంత్రంలో తెలుగు లిపి లేదు. మర్నాటికి అదీ చేర్చారు.

"దయచేసి మీ ఔషధమును స్వీకరించండి" అని వెలిగింది. నేను కొట్టేసి "మామ్మా, షుగరు మాత్ర" అని వ్రాయించాను. యెం.యే. చదివి నేను చేసిన సేవ అదే.

మామ్మగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "బాగానే వుంది బాబూ. మరి వేసుకున్నాక కూడా ఇలాగే వెలుగుతూంటే మళ్ళీ వేసుకోనా?"

అందరం నోళ్ళు తెరిచాం. మొదటి ప్రమాదమే అది! ముగ్గురు పిల్లలకూ, మాస్టారికీ తట్టలేదు.

పిల్లలు చట్రానికి ఒక మీట అమర్చారు. మాత్ర వేసుకుని మీట నొక్కితే ఆ మాట మాయమై, "పొద్దుటిది అయింది" అని వస్తుంది. నొక్కడం మరిస్తే? అందుకని ఏడు రోజులకూ అరలున్న మాత్రల పెట్టె కొన్నారు. రోజూ కొడుకు చూసుకుంటాడు. అద్దం వైద్యుడు కాదు గదా!

ఇప్పుడు మామ్మగారు బొట్టు దిద్దుకుంటారు, మాత్ర వేసుకుంటారు, మీట నొక్కుతారు. నన్ను చూస్తే మాత్రం, "మాస్టారూ, 'మామ్మా' అన్నది మీరే కదూ పెట్టించారు? ఆ పిలుపు కోసమే నొక్కుతున్నాను" అంటారు.