గడప దాకా వచ్చిన గురువు

2023 ఫిబ్రవరిలో ఒకే కథ తెలుగులో ‘సార్’గా, తమిళంలో ‘వాత్తి’గా వెండితెరకెక్కింది. దర్శకుడు వెంకీ అట్లూరి. అధ్యాపక పాత్రధారి ధనుష్. రెండు భాషలూ కలిసే మన చిత్తూరు ప్రాంతానికి ఆ కథ పరాయిది కాదు.

విద్యను వ్యాపారంగా మార్చిన ప్రైవేటు యాజమాన్యాలు, పేరుకు సాయమంటూ ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలకు చిన్న అధ్యాపకుణ్ణి పంపుతాయి. అతడు విఫలం కావాలన్నదే వారి కోరిక. తీరా వెళ్తే తరగతి గదులు ఖాళీ. పిల్లలందరూ కూలి పనుల్లో ఉన్నారు. అతడు గదిలో కూర్చుని ఎదురుచూడలేదు. ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించాడు. కులాల గోడలను దాటించి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు.

పాటలు, కొట్లాటలు వెండితెర హంగులు. మనం గ్రహించవలసింది ఆ గడప దగ్గరి సంభాషణను. అక్కడ పరీక్షకు నిలిచింది గురువు ఒక్కడే కాదు, తలుపు తీసిన తండ్రి కూడా.

పలమనేరులోనో, కుప్పంలోనో పదో తరగతి ముగిసిన కుర్రవాడు మెకానిక్ షెడ్డులో చేరితే ఆ నెల నుంచే ఇంటికి నాలుగు రూపాయలు వస్తాయి. ఆ అవసరాన్ని తేలికగా తీసుకోలేము. కాని నేటి ఆ చిన్న ఆదాయం అతని రేపటిని కొనివేస్తుంది. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లవాడు ఇంటర్మీడియట్‌లో భాష మారగానే తడబడతాడు. అది తెలివి లేకపోవడం కాదు, చేయూత లేకపోవడం. ఇక ఆడపిల్ల చదువు చాలాసార్లు దూరం, భయం అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది.

బద్ర్ యుద్ధ ఖైదీలలో అక్షరజ్ఞానం గలవారు మదీనా బాలలు పదేసి మందికి చదవడం, వ్రాయడం నేర్పితే విడుదల చేస్తామని దైవప్రవక్త (స) షరతు విధించినట్లు చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి. నేర్పేవారు శత్రువులైనా నేర్చుకోవడం ఆగలేదు. అలాంటప్పుడు కళాశాల బాగా లేదన్నది మనకు సాకు కాగలదా?

మన రాయలసీమలోనే ఒక నిదర్శనం ఉంది. మద్రాసులో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన డాక్టర్ అబ్దుల్ హఖ్, 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. నేడు అదే నగరంలోని ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరును ధరించింది. ఆయన కథలో కొట్లాటలు లేవు. తరాలు చదువుకున్న తరగతి గదులున్నాయి.

కనుక తల్లిదండ్రులారా! కళాశాల తెరిచిన మొదటి నెలలోనే వెళ్లి అధ్యాపకులను కలవండి. బిడ్డ హాజరు అడగండి. మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత చదువు మానిన పిల్లల పేర్లు సేకరించి, ఒక్కొక్క ఇంటికి ఇద్దరు పెద్దలను పంపవచ్చు. చదువుకున్న యువతీయువకులు సాయంత్రం ఒక గంట పాఠం చెప్పవచ్చు. గడప దాకా వచ్చే గురువు కోసం ఎదురుచూడనవసరం లేదు. ఆ గడపను ముందుగా మనమే దాటవచ్చు.

అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.